పాలమరక

పెద్ద దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. ఒక్కతే పెడితే అది మడత కాదు, ఉండ. ఇద్దరూ చెరో రెండు కొసలు పట్టుకుని, ఒక్కసారి ఝాడించి, గుంజి, కొసకు కొస కలిపి, ఒకరికొకరు ఎదురు నడవాలి. దగ్గరికొచ్చాక అటువైపు మనిషి తన కొసలు నా చేతిలో పెట్టి, వంగి, కింద వేలాడే మడతను అందుకుంటుంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ఎదురు. ఉతుకు షాపులో చాలా ఏళ్లు నా ఎదుటి కొస పట్టుకున్న మనిషి గురించి ఇది. అందరూ ఆమెను మడత అని పిలిచేవాళ్లు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అక్కరపడేది కాదు.

షాపంటే వీధి చివర ఇస్త్రీ బండి అనుకోకండి. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, వెనక రోడ్డులోని హోము దుప్పట్లు మూటలు మూటలుగా వస్తాయి. మూట ముందు ఏరే గదికి పోతుంది. అక్కడ మరకను బట్టి కుప్పలు వేస్తారు. ఆ తర్వాత డ్రమ్ము, పిండే మిషను, ఇస్త్రీ రోలరు, చివరికి మా మడత బల్ల. హోము అంటే మతి చెదిరి, ఇంట్లోవాళ్లకు బరువైన ఆడవాళ్లను ఉంచే చోటు. దాని మూట వచ్చిందంటే అందరం ముఖాలు తిప్పుకునేవాళ్లం. తడివి పొడివి అని చూడకుండా, కాలితో తొక్కి కుక్కినట్టు ఉండేవి అందులో దుప్పట్లు.

ఏరే గదికి రాణి భూతద్దం. కళ్లజోడు మందంగా ఉంటుందని కొందరూ, ఎదుటివాళ్ల కొంపల్లోకి తొంగిచూస్తుందని కొందరూ ఆ పేరు పెట్టారు. రెండూ నిజమే. మరకను చూసి మనిషిని చెప్పడం మా పనిలో గొప్ప. ఇది టీ, ఇది తుప్పు, ఇది ముక్కులోంచి కారిన రక్తం, ఇది మరోచోటి రక్తం అని భూతద్దం కోర్టులో జడ్జీలా చెప్పేది. పాలమరక ఒక్కటీ కాస్త దొంగది. తడిగా ఉంటే కనపడదు. ఆరాక గంజి పెట్టినట్టు బిర్రుగా అవుతుంది, రోలరు కింద పడితే మాడిన వాసన వేస్తుంది. దానికి ముందు చన్నీళ్లే పోయాలి. వేడినీళ్లు తగిలాయో, బట్టలోనే ఉడికిపోయి జన్మలో వదలదు.

మడతకు జబ్బుంది. స్కిజోఫ్రీనియా అని ఆసుపత్రి చీటీ మీద ఉంటుంది. ఆ మాటకు నాలుక మెలి తిరుగుతుంది కాబట్టి అందరూ తేలికైన మాట వాడుకునేవాళ్లు, పిచ్చి అని. పెళ్లయిన కొత్తలో వచ్చింది. గోడలోంచి ఎవరో తిడుతున్నారని రాత్రంతా గోడకు సమాధానాలు చెబుతూ కూర్చునేదట. మొగుడు కొన్నాళ్లు చూశాడు. తర్వాత బట్టల పెట్టెతో సహా తెచ్చి అన్న గుమ్మంలో దించాడు. బట్టలు బయట కుమ్మరించి పెట్టె మాత్రం వెనక్కి పట్టుకుపోయాడు. పెట్టె కొత్తదట.

అన్న గడియారాలు బాగుచేసేవాడు. నేనుండేది ఆ ఇంటి కిందివాటాలో, వాళ్లుండేది పైన. పైనే, డాబా మీదికి పోయే మెట్ల కింద ఉన్న సందుకు తలుపు బిగించి, గది అని పేరు పెట్టి, అందులో ఆమెను ఉంచారు. వదిన చెడ్డదేమీ కాదు. మంచిదా అంటే, ఆ అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే మాత్ర ఇచ్చి ఎదురుగా నిలబడేది.

"మింగావా? నోరు తెరువు. నాలుకెత్తు. అటు పక్కకి. ఊఁ, పో."

సంతలో పశువు పళ్లు చూసినట్టుండేది. మడత బుద్ధిగా నోరు మూసుకుని పనికి వచ్చేది.

ఆసుపత్రికి అన్న తీసుకెళ్లేవాడు. తోడుగా ఒకసారి నేనూ వెళ్లాను. డాక్టరు పెద్దాయన. ఆమె స్టూలు మీద కూర్చుని ఫ్యాను చూస్తుంటే, ఆయన అన్నను అడిగాడు.

"నిద్రపోతోందా?"

"పోతోందండీ."

"గొడవ చేస్తోందా?"

"లేదండీ."

"సరే, అదే వాడండి."

అంతే. గడియారాలు రిపేరుకు తెచ్చినవాళ్లను కూడా అన్న అంతకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాడు.

పాత మాత్రకు ఆమె చేతులు వణికేవి. కొసకు కొస కలిసేది కాదు. ఓనరు వచ్చి, దుప్పటి విప్పి చూసి, "ఇలా అయితే ఇంకో మనిషిని చూసుకోవాలి" అని నావైపు చూసి అన్నాడు, ఆమెకు చెవులు లేనట్టు. నేను అన్నను పట్టుకుని గట్టిగా నాలుగు దులిపితే, డాక్టరుకు చెప్పి మాత్ర మార్పించుకొచ్చాడు.

కొత్త మాత్ర బాగానే పనిచేసింది. చేతులు నిలిచాయి. ఆమెకు మాటలు వినిపించేది గోడ పైన పోయే ఆవిరి గొట్టంలోంచి. పనివేళ గొట్టంవైపు తలెత్తి, "కాసేపాగండర్రా, చేతిలో దుప్పటుంది" అని కసురుకునేది. కొత్త మాత్ర మొదలుపెట్టాక ఓ రోజు దుప్పటి కలుపుతూ దగ్గరికొచ్చి నవ్వింది.

"గొట్టంలోవాళ్లు ఊరెళ్లారు పెద్దమ్మా."

"ఎప్పుడొస్తారే?"

"చెప్పి వెళ్లలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఉండిపోతారేమోనని."

ఆ రోజుల్లో ఆమె మడిచిన దుప్పట్లు చూసి తీరాలి. అంచు అంచుకు అతికినట్టుండేది. చివరి మడతలో ఒక మూలను లోపలికి దోపేది, కవరు మూసినట్టు. ఇంకెవరికీ ఆ పద్ధతి లేదు. బల్ల మీద ఎన్ని దొంతరలున్నా ఆమెది ఏదో గుడ్డిదానికైనా తెలిసేది.

మాత్రతో ఆకలి కూడా వచ్చింది. ఒళ్లు వచ్చింది. షాపువాళ్లిచ్చిన బూడిదరంగు పని చొక్కా గుండీల దగ్గర బిగుసుకుంది. "దీనికి వండాలంటే ఇంకో పొయ్యి పెట్టుకోవాలి" అని వదిన మెట్లమీద నిలబడి ఊరందరికీ వినిపించేది. నెలసరి ఆగిపోయింది. అది వయసుతో ఆగే వయసు కాదు. ఆ సంగతి వదినకు చెబితే, "మంచిదేగా, ఒక పీడ వదిలింది" అందట. నాకు చెబితే నేను, "వంటిమీద కొవ్వెక్కితే అంతేనే" అన్నాను. కొందరికి అలా జరుగుతుంది కూడా.

మా పని చొక్కాలు కూడా షాపులోనే ఉతుకుతారు. అక్కడ మొదలైంది.

ఓ రోజు భూతద్దం ఏరే గదిలోంచి చేతిలో బూడిదరంగు చొక్కా వేలాడేసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. రోలరు దగ్గరున్న ఆడవాళ్లు కూడా పని వదిలి వచ్చారు. ఆమె చొక్కా ముందుభాగం రెండు చేతులతో పరిచి చూపించింది.

"పెద్దమ్మా, చెయ్యి పెట్టి చూడు. ఏంటిది?"

చెయ్యి పెట్టాను. రెండు గుండ్రాలు, అట్టకట్టినట్టు.

"పాలు" అన్నాను.

"ఎవరిదో అడగవేం?"

అడగక్కర్లేకపోయింది. కాలరు లోపల గుర్తు కుట్టి ఉంటుంది.

మడత దుప్పటి కొసలు పట్టుకునే ఉంది. అవతలి కొస నేను వదిలేశానని చూసుకోలేదు.

"ఏమ్మా, మొగుడు లేడు, మొద్దు లేడు, పాలెక్కడివే?" అంది భూతద్దం.

"తెలీదక్కా. పొద్దున లేస్తే తడిగా ఉంటోంది. కొత్త మాత్ర వచ్చాకే ఇలా."

"మాత్ర పాలిస్తుందా? అయితే మా ఆవుకి కూడా రెండు పెట్టవే!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, మాట అలాంటిది మరి. మడత కూడా నవ్వింది. అందరూ నవ్వుతుంటే నవ్వకపోతే పిచ్చిదంటారని ఆమెకు భయం. ఆ తర్వాత బట్టలు మార్చుకునే గదిలోకి ఆమెను లాక్కెళ్లి, ఇద్దరు చేతులు పట్టుకోగా, భూతద్దం తన కళ్లతో చూసి రూఢి చేసుకుంది. బయటికొచ్చి చెయ్యి చొక్కాకు తుడుచుకుంటూ, "నా కన్ను ఎప్పుడైనా తప్పిందా?" అంది.

లోపల మడత గొట్టంవైపు చూస్తూ గుండీలు పెట్టుకుంటోంది. ఒక గుండీ తప్పి పెట్టుకుంది.

సాయంత్రానికి ఆ వార్త మేడ మెట్లెక్కింది. నేను పైకి వెళ్లేసరికి అన్న ఆమె జుట్టు పట్టుకుని ఉన్నాడు. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది, పక్కింటివాళ్లకు కనపడకుండా కొంత, కనపడేలా కొంత.

"ఎవడే వాడు? చెప్పు! ఎవడు?"

"ఎవరూ లేరన్నయ్యా."

"మరి కడుపెలా వచ్చింది? గాలికొచ్చిందా?"

"నాకు కడుపా?" అని ఆమె తన పొట్టవైపు చూసుకుంది. ఎవరో ఆ సంగతి తనకు చెప్పడం మర్చిపోయినట్టు చూసింది.

"వదిలెయ్ నాయనా, ముందు ఆసుపత్రిలో చూపించు" అన్నాను.

"ఏం మొహం పెట్టుకుని చూపించమంటావ్ పెద్దమ్మా? నువ్వే కదా చెయ్యి పెట్టి పాలన్నావట!" అంది వదిన.

"పాలన్నాను. కడుపనలేదు."

"పాలు రావాలంటే ఇంకేం కావాలి? నువ్వు కనలేదా, నేను కనలేదా?"

మధ్యకెళ్లి జుట్టులోంచి అన్న చెయ్యి విడిపించబోయాను.

అన్న మళ్లీ మొదలెట్టాడు. "నీతో మాట్లాడే మగాడెవడు? పేరు చెప్తే వదిలేస్తా. ఎవడు మాట్లాడతాడు నీతో?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. ఎవరు మాట్లాడతారు? ఆ ప్రశ్నకు ఆమె దగ్గర ఒకే జవాబుంది.

"బాయిలర్ బాబాయ్. రోజూ పలకరిస్తాడు. బాగున్నావా అమ్మాయ్ అంటాడు."

బాయిలర్ దగ్గర పనిచేసే ఆ ముసలాయన నడుము వంగిన మనిషి. దగ్గితే బొగ్గు రాలేది. షాపులో ఆమెను మనిషిలా పలకరించింది ఆయనొక్కడే. మర్నాడు అన్న వచ్చి, బాయిలర్ గదిలోనే ఆయన చెంప పగలగొట్టాడు. ఆయన కింద పడిన కళ్లజోడు వెతుక్కుంటూ, "ఏమైంది బాబూ, అమ్మాయికేమైంది?" అని అడుగుతూనే ఉన్నాడు. ఓనరు గొడవ ఎందుకని, ఆ మధ్యాహ్నమే ఆయన టిఫిను డబ్బా చేతికిచ్చి పంపించేశాడు.

మడతను ఇక పనికి పంపలేదు. మెట్ల కింది సందుకు బయటినుంచి గొళ్లెం పెట్టారు. ఇలాంటి పనులు గుట్టుగా చేసే మంత్రసాని ఒకతె ఉంటే వదిన వెళ్లి మాట్లాడింది. "ఆ పిచ్చి మాత్రలు ఒంట్లో ఉండగా నేను చెయ్యి వెయ్యను, ప్రాణం మీదికొస్తే ఎవరిది బాధ్యత? ముందు అవి ఆపండి" అందట ఆమె. ఆపేశారు.

మాత్ర ఆపితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. తెలిసీ ఏం చేస్తాం, ఆ ఇంట్లో పరువు పోతుంటే మతి గురించి ఎవరు చూస్తారు? ఊరెళ్లిన గొట్టంలోవాళ్లు తిరిగొచ్చారు. ఈసారి గొట్టం కూడా అక్కర్లేకపోయింది. కిందివాటాలో పడుకుంటే నా నెత్తిన ఆమె మాటలు వినిపించేవి. మొదట వాళ్లతో పోట్లాడింది. తర్వాత బతిమాలింది. వదిన అన్నం పళ్లెం లోపలికి తోస్తూ పూటపూటా, "తిను, నీకు కాకపోయినా నీ బిడ్డకి" అని ఎత్తిపొడిచేది. వారం తిరక్కుండానే మడత పళ్లెంలో సగం పక్కకు తీసిపెట్టడం మొదలుపెట్టింది.

మంత్రసాని వచ్చింది. నేనూ పైకి వెళ్లాను. మడత పొట్ట అక్కడా ఇక్కడా నొక్కి, లోపల చూసి, చేతులు కడుక్కుని వదినవైపు తిరిగింది.

"ఖాళీ. కడుపులో ఏమీ లేదు."

వదిన ముఖం ఒక్క క్షణం వెలిగింది. "మరి పాలో?"

మంత్రసాని భుజాలెగరేసింది. "పాలు వస్తున్నాయి, కడుపు ఖాళీగా ఉంది. ఈపాటికే కనేసి ఉంటుంది. ఏం చేసిందో దాన్నే అడుక్కోండి. నేనిక్కడికి రాలేదు, మిమ్మల్ని చూడలేదు." సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

నాకు ఇప్పటికీ ఆ ముండమీద ఉన్నంత కసి ఇంకెవరిమీదా లేదు. ఎందుకంటే అంతవరకూ వాళ్లు అడిగింది ఎవడని. ఆ రోజునుంచి అడగడం మొదలెట్టింది ఎక్కడని.

"ఎక్కడ పడేశావే? చెత్తకుండీలోనా? షాపు కాలువలోనా?"

"ఏంటి వదినా?"

"నీ బిడ్డ! కని ఎక్కడ పారేశావ్?"

మడత ముఖంలో రంగు పోయింది. ఆ ముఖం చూసినవాళ్లెవరైనా మర్చిపోతే వాళ్లది గుండె కాదు. మెల్లగా లేచి, పడుకునే బొంత ఎత్తి కింద చూసింది. దిండు తొడుగు తిరగేసింది. అన్న చొక్కా జేబుల్లోకి కూడా చూసింది.

"ఏడుపు వినిపిస్తోంది పెద్దమ్మా," అంది నాతో. "వాళ్లు చెప్తున్నారు, నేను ఎక్కడో పెట్టి మర్చిపోయానట. డ్రమ్ములో వేశానేమో చూడవా? డ్రమ్ము ఆపమని చెప్పవా?"

అప్పుడు అన్నకు భయం పట్టుకుంది. చెల్లెలి గురించి కాదు. నిజంగానే ఎక్కడో ఒక పసిబిడ్డ దొరికితే పోలీసులు తన గుమ్మం ఎక్కుతారని. అందుకని ఆమెను తీసుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. నేనూ ఆటో ఎక్కి కూర్చున్నాను, పిలవకపోయినా.

పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆ కుర్చీలో ఓ పడుచు డాక్టరమ్మ ఉంది. అన్న నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టి, స్టూలు మీదున్న మనిషివైపు వంగింది.

"మీరు చెప్పండి. మీకేమవుతోంది?"

మడత వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడుగుతున్నారనుకుని.

పరీక్షలు చేశారు. కడుపు లేదు, ఎన్నడూ రాలేదు. ఆ మాత్ర కొందరు ఆడవాళ్లలో నెలసరిని ఆపేస్తుందని, బిడ్డ లేకుండానే పాలు తెప్పిస్తుందని, మందు తగ్గించినా మార్చినా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. చెప్పి అన్నమీద విరుచుకుపడింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"వాళ్లు ఇవి అడగలేదండీ. నిద్రపోతోందా, గొడవ చేస్తోందా, ఇంతే అడిగేవాళ్లు."

"ఆమె చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాను నేను. "మొదటిరోజే చెప్పింది. మాత్ర వల్లేనంది. ఆవు జోకు వేసుకున్నాం."

డాక్టరమ్మకు ఆ ముక్క అర్థం కాలేదు. వేరే మాత్ర రాసిచ్చింది. లేవబోతుంటే మడత ఆమె కోటు పట్టుకుంది.

"మరి బిడ్డ?"

"బిడ్డ లేదమ్మా. మీరు కనలేదు. అది మందు చేసిన పని."

మడత ఆమెను జాలిగా చూసింది. ఇంట్లో అన్నావదినా, షాపులో అంతమందీ, బిడ్డ గురించి చెప్పినవాళ్లే. ఈ కొత్తమ్మాయి ఒక్కత్తీ లేదంటోంది. ఎవరిని నమ్మాలి?

దారి పొడుగునా అన్న ఈలవేస్తూ వచ్చాడు. ఇంటికి రాగానే వాటాలవాళ్లందరినీ పేరుపేరునా పిలిచి, ఏమీ లేదట, మాత్రల వేడట, మా చెల్లెలు నిప్పు అని చెప్పాడు. తలెత్తుకుని మెట్లెక్కాడు. ఆ తల ఎత్తుకోవడమే ఆమె కొంప ముంచింది.

అంతకుముందు హోములో వేద్దామంటే సిగ్గు అడ్డొచ్చింది. కడుపుతో ఉన్నదాన్ని తీసుకెళ్తే వాళ్లు లోపలికి రానివ్వరు, నలుగురూ నవ్వుతారు. ఇప్పుడు ఏ మచ్చా లేదు. ఉత్త పిచ్చిది. ఉత్త పిచ్చిదాన్ని పట్టపగలు తీసుకెళ్లి దించొచ్చు. దానికి తోడు, ఆమె ఇంట్లో ప్రతి సొరుగూ లాగి చూస్తోంది, పక్కవాటాలో పసిపిల్లాడు ఏడిస్తే తలుపు బాదుతోంది.

"ఎన్నాళ్లని చూడను పెద్దమ్మా? నాకూ పిల్లలున్నారు," అంది వదిన.

"మాత్ర మళ్లీ పడనీవే, కుదురుకుంటుంది. ఇంతకుముందు కుదురుకోలేదా?"

"కుదురుకున్నాక మళ్లీ ఇంకోటి వస్తుంది."

"నా దగ్గర ఉంచు, కిందివాటాలో."

అన్న నవ్వాడు. "నిన్నెవరు చూస్తారో ముందు చూసుకో పెద్దమ్మా."

తీసుకెళ్లే రోజు మడత ఏడవలేదు. బట్టలు మడిచి, మూల లోపలికి దోపి, సంచిలో పెట్టుకుంది. నా వాటా ముందు ఆగి, "నేను లేనప్పుడు ఏడిస్తే మీరు ఎత్తుకోండి పెద్దమ్మా" అంది. అలాగే అన్నాను. మందుల సంచి అన్న చేతిలో ఉంది. అందులో డాక్టరమ్మ రాసిన కొత్త చీటీ లేదు. పాలు తెప్పించిన ఆ మాత్రలే ఉన్నాయి.

"ఇవేంట్రా?" అన్నాను.

"ఇంకా చాలా మిగిలున్నాయి. పారేస్తామా?"

షాపులో ఆమె కొస ఒక కొత్త పిల్లకు ఇచ్చారు. దగ్గరికొచ్చినప్పుడల్లా నా చేతికి తన చెయ్యి తగలకుండా వేళ్లకొసలతో దుప్పటి అందిస్తుంది. ముసలితనం అంటుకుంటుందనుకుంటుందో ఏమో. బాయిలర్ బాబాయ్‌ను వెనక్కి పిలవమని ఓనరుతో అంటే, కొత్తవాడు కుదురుకున్నాడు, ఇప్పుడెందుకన్నాడు. భూతద్దంతో అంటే కళ్లజోడు సర్దుకుంది.

"నేనన్నది పాలనే కదా? పాలే కదా? నా కన్ను తప్పిందా?"

తప్పలేదు. అదే కదా దాని దుంప తెగా.

కొన్ని వారాలకు హోము మూట విప్పుతూ భూతద్దమే నన్ను కేకేసింది. కాలితో తొక్కి కుక్కిన దుప్పట్ల మధ్య ఒకటి చక్కగా మడిచి ఉంది. ఉతకడానికి పంపే మురికి దుప్పటిని ఎవరైనా మడత పెడతారా? అంచుకు అంచు అతికి ఉంది. ఎదుటి కొస ఎవరూ పట్టుకోకుండా అంత పెద్ద దుప్పటి అలా ఎలా మడిచిందో, నేలమీద పరిచి మోకాళ్లమీద పాకుతూ మడిచిందో నాకు తెలీదు. మూల లోపలికి దోపి ఉంది. విప్పాను. నడుమ రెండు గుండ్రాలు, అట్టకట్టి.

ఆ సాయంత్రమే హోము గేటు దగ్గరికెళ్లాను. వాచ్‌మన్ రక్తసంబంధం ఉందా అన్నాడు. దుప్పటి సంబంధం ఉందన్నాను. లోపలికి పంపలేదు. అన్న దగ్గరికెళితే కంటికి అద్దం పెట్టుకుని గడియారంలోకి చూస్తూనే, "అక్కడ పాలొస్తే ఎవరు చూడొచ్చారు పెద్దమ్మా?" అన్నాడు.

మడిచిన దుప్పటి ప్రతి మూటలోనూ వచ్చేది. నేను ఒకటి ఆలోచించాను. ఓ వారం ఆ దుప్పటి కుప్పలో వేయకుండా తీసి, నా చేత్తోనే బకెట్టులో పెట్టి, సలసల కాగే నీళ్లు పోశాను. చిన్నపిల్ల కూడా చేయని తప్పు అది. భూతద్దం బిత్తరపోయింది.

"మతి పోయిందా పెద్దమ్మా? ఇక అది వదులుతుందా?"

"వదలకూడదు."

పాలు బట్టలో ఉడికి, పసుపచ్చగా, రెండు కళ్లలా నిలబడ్డాయి. దాన్ని అలాగే ఇస్త్రీ చేయించి, పై మడతలో ఆ గుండ్రాలు కనపడేలా మడిచి పంపాను. అనుకున్నట్టే హోము మేనేజరమ్మ ఆ దుప్పటి పట్టుకుని షాపుకు వచ్చింది, ఓనరుమీద అరవడానికి.

"ఏం ఉతుకుతున్నారిక్కడ? ఈ మరకేంటి?"

"నేను చెప్తానమ్మా," అని ముందుకెళ్లాను. అంతా చెప్పాను. మాత్ర సంగతి, నెలసరి సంగతి, డాక్టరమ్మ చెప్పిన మాట, అన్న దాచేసిన చీటీ. బిడ్డ సంగతి కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగానే వింది. మధ్యలో తల కూడా ఊపింది.

"మాకు ఏ ఇబ్బందీ లేదే ఆమెతో," అంది చివరికి. "చక్కగా నిద్రపోతుంది. గొడవ చెయ్యదు. దిండొకటి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, అంతే. ఇంత మంచి మనిషికి మాత్ర మార్చి గొడవలు తెచ్చుకోమంటారా? అయినా మరక సంగతి చెప్పి మంచిపని చేశారు. నేను చూసుకుంటాను."

చూసుకుంది. తర్వాతి వారం మూటలో తెల్ల దుప్పట్ల మధ్య ఒకటి నల్లది వచ్చింది. కొత్తది. చక్కగా మడిచి, మూల లోపలికి దోపి ఉంది. భూతద్దం వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "ఏమీ లేదే" అంది.

నేను చెయ్యి పెట్టాను. నడుమ రెండు గుండ్రాలు, గంజి పెట్టినట్టు.

చన్నీళ్లు పోశాను.